టైరును తినేది క్యాంబరా, టోనా?

లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగిపోయిన టైరును అనంతపురంలో చక్రాల కోణాలు సరిచేసే ఏ అలైన్‌మెంట్ షెడ్డుకు తీసుకెళ్ళినా దాదాపు ఒకటే తీర్పు వినిపిస్తుంది: "క్యాంబర్ ఎక్కువైంది సార్." చక్రం పైభాగం బండి వైపుకు వాలి ఉండడాన్ని నెగెటివ్ క్యాంబర్ అంటారు. అలా వాలినప్పుడు లోపలి అంచు మీద బరువు ఎక్కువ పడుతుంది కనుక ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. చాలా సందర్భాలలో అది పొరపాటు. అరుగుదల ఏ అంచున కనిపించాలో క్యాంబర్ నిర్ణయిస్తుంది గాని, అరగదీసే పనిలో పెద్ద వాటా టోది. ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందే వేగవంతమైన కార్లలో ఈ పొరపాటు ఖరీదు టైరుతో ఆగదు.

టో అంటే పైనుంచి చూసినప్పుడు చక్రం తిన్నని దారికి ఎంత ఓరగా తిరిగి ఉందో తెలిపే కోణం. ముందు అంచులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో-ఇన్, ఎడంగా ఉంటే టో-ఔట్. ఒక్కో చక్రం 0.1 డిగ్రీ, అంటే యంత్రం తెరమీద 6 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం), పక్కకు తిరిగి ఉందనుకుందాం. అది కంటికి ఆనదు. అయినా ఆ చక్రం ప్రతి కిలోమీటరుకూ సుమారు 1.7 మీటర్లు అడ్డంగా జారవలసి వస్తుంది. అనంతపురం నుంచి కర్నూలు దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి టైరును 260 మీటర్ల మేర అడ్డంగా ఈడ్చినట్టే. ఒక డిగ్రీ క్యాంబర్ ఉన్నా టో సరిగా ఉన్న చక్రం ఇలా ఈడ్చుకుపోదు, కొద్దిగా వాలి దొర్లుతుంది, అంతే. తేడా తెలుసుకోవడానికి యంత్రం కూడా అక్కర్లేదు. బండి ఆపి, టైరు చల్లారాక, అరచేతిని దాని వెడల్పు మీదుగా ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమిరితే చాలు. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు చేప పొలుసులను ఎదురు నిమిరినట్టు చేతికి తగులుకుంటే మొదట అనుమానించవలసింది టోనే.

1980లో జెనీవా ప్రదర్శనలో ఆడీ క్వాట్రో కనబడి, ఆ తరువాత ర్యాలీ పోటీల స్వరూపాన్నే మార్చేసిన నాటి నుంచి, నాలుగు చక్రాల చోదనం ఉన్న ఇలాంటి కార్లతో ఉన్న పెద్ద చిక్కు మూతి బరువు. ఆడీలోనూ, సుబారు ఇంప్రెజాలోనూ ఇంజన్ ముందు ఇరుసుకు ఇంకా ముందే కూర్చుంటుంది. పైగా ముందు టైర్లు బండిని మలుపు తిప్పుతూనే లాగాలి కూడా. టైరుకు ఉన్న మొత్తం పట్టును 100 అనుకుంటే, అందులో 60 లాగడానికి ఖర్చయినప్పుడు మలుపుకు 80 మిగులుతుంది. 80 ఖర్చయితే 60 మాత్రమే మిగులుతుంది. ఈ రెండు శక్తులూ ఒకదానికొకటి లంబంగా పనిచేస్తాయి కనుక మామూలు తీసివేత ఇక్కడ వర్తించదు, లంబకోణ త్రిభుజం లెక్క వర్తిస్తుంది.

కడప నుంచి రాయచోటి వెళ్ళే దారిలో గువ్వలచెరువు ఘాట్ మలుపులను తలచుకోండి. మలుపులో బరువంతా బయటి టైరు మీదికి ఒరుగుతుంది, బండి ఒళ్ళు కూడా అటే వాలుతుంది, దానితోపాటు చక్రం పైభాగం బయటికి ఒరిగి టైరు తన బయటి అంచు మీద నిలబడుతుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా మూతి తిరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. నిలిచి ఉన్నప్పుడు ముందే లోపలికి వాల్చి ఉంచిన చక్రం మలుపులో నిటారుకు దగ్గరగా వచ్చి, టైరు వెడల్పంతా నేలను పట్టుకుంటుంది. అందుకే రోడ్డు మీద తిరిగే ఇలాంటి కారుకు ముందు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీ వరకు నెగెటివ్ క్యాంబర్ ఇవ్వడానికి జంకనక్కర్లేదని నా అభిప్రాయం. ట్రాక్ మీద 2 డిగ్రీలు దాటడం మామూలే. వెనుక చక్రాలకు అంతకంటే కొంచెం తక్కువ ఇస్తే మూతి ఇంకాస్త మాట వింటుంది.

టో విషయంలో మాత్రం చేయి బిగించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ముందు చక్రాలు ముందుకు లాగబడి, చక్రాలను పట్టి ఉంచే కడ్డీల కీళ్ళలోని రబ్బరు బుష్షులు నలిగి, టో-ఇన్ వైపుకు జరుగుతాయి. బ్రేకు వేస్తే దానికి వ్యతిరేకంగా జరుగుతాయి. రెంటికీ నడుమ సున్నా దగ్గర ఉంచడమే మేలు. వెనుక చక్రాలకు కొద్దిపాటి టో-ఇన్ కావాలి, ఎందుకంటే వెనుక టో-ఔట్ ఉన్న బండి వేగంలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు తోక విసరవచ్చు.

ఇక అరుగుదల సంగతి. 640 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరు 3 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కొత్త టైరు కిలోమీటరుకు దాదాపు 497 చుట్లు తిరిగితే ఇది 502 తిరుగుతుంది. ముందు జత అరిగి వెనుక జత కొత్తగా ఉంటే ఆ ఐదు చుట్ల తేడాను కిలోమీటరు తరువాత కిలోమీటరు ముందు, వెనుక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్, లేదా అక్కడి క్లచ్ పలకలు, భరించాలి. మలుపుల్లో కాసేపు మాత్రమే పనిచేయవలసిన భాగం తిన్నని రోడ్డు మీద కూడా రాపిడికి లోనై వేడెక్కుతుంది. రెండు టైర్లే మార్చి డబ్బు ఆదా చేశామనుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

షెడ్డులో పని వరుస కూడా ముఖ్యమే. మొదట టైర్ల గాలి సరిచూడాలి. తరువాత వెనుక చక్రాలు, ఎందుకంటే బండి ఎటు నడుస్తుందో వెనుక ఇరుసు నిర్ణయిస్తుంది. ఆ పిమ్మట ముందు చక్రాల క్యాంబర్, అన్నిటికంటే చివర ముందు చక్రాల టో. క్యాంబర్ బోల్టు కదిపితే టో తప్పకుండా మారుతుంది. నేల మట్టం కూడా చూసుకోవాలి. కడప బండలు పరచిన నేల చూపుకు సమంగానే ఉంటుంది గాని, చక్రాల మధ్య 1500 మిల్లీమీటర్ల వెడల్పులో 3 మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉంటే, చక్రానికి ఆనించి వాలును కొలిచే గేజిలో క్యాంబర్ 0.1 డిగ్రీకి పైగా తప్పు చూపిస్తుంది. బండి ఎడమకు లాగుతోందని ముందు టో మార్చడం కూడా వృథా. స్టీరింగ్ కాస్త వంకరపోతుందే తప్ప లాగుడు పోదు. దానికి కారణాన్ని టైరు గాలిలోనో, రెండు వైపుల క్యాంబర్, క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో అది ముందువెనుకలకు వాలిన కోణం) తేడాలోనో, నీళ్ళు పోవడానికి ఎడమకు వాల్చి వేసిన రోడ్డులోనో వెతకాలి.

పని పూర్తయ్యాక యంత్రం ఇచ్చే కాగితంలో కొలతలు హద్దుల్లో ఉన్నాయని చెప్పే ఆకుపచ్చ రంగు కనబడితే చాలుననుకోకుండా, వెనుక రెండు చక్రాల టో విడివిడిగా ఎంతో చదవండి. రెండూ కలిపిన మొత్తం సరిగా ఉండి, ఒక్కొక్కటి తప్పుగా ఉంటే బండి ఓరగా నడుస్తుంది. ఆ కాగితాన్ని దాచి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ నాలుగు టైర్ల మీదా అరచెయ్యి అటూ ఇటూ నిమిరి చూడండి.