అడవిలో నిప్పు: కుమావూఁ కొండల్లో ఓ పాత తగాదా

ఎండలు ముదిరితే హిమాలయాల దిగువ కొండల్లో చీర్ పైన్ చెట్లు సూదుల్లాంటి ఆకులు రాలుస్తాయి. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ పల్లెల్లో వాటిని పిరూల్ అంటారు. ఈ ఆకు మందంగా పరుచుకుంటే కింద గడ్డి మొలవదు, పైన పశువు కాలు నిలవదు. అందుకే ఊరివాళ్లు దాన్ని తగలబెట్టేవారు. వానలు పడగానే ఆ జాగాలో లేత గడ్డి వచ్చేది.

బ్రిటిష్ అటవీశాఖకు ఇది నేరం. వాళ్ల భయం ఉత్తదేమీ కాదు: మంటకు చిన్న మొక్కలు చచ్చిపోతాయి, జిగురు కోసం గాట్లు పెట్టిన మానులు త్వరగా అంటుకుంటాయి. 1860లలో మధ్య భారతంలోని బోరీ అడవిలో కర్నల్ పియర్సన్ మంటల్ని అడ్డుకోవడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతే తర్వాత దేశమంతా పాకింది. 1878 అటవీ చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. రిజర్వు అడవిలో, అంటే సర్కారు తన అదుపులోకి తీసుకున్న అడవిలో, ఎవరైనా కావాలని నిప్పు పెడితే అక్కడి మేత హక్కుల్నే ఆపేయొచ్చు. మంట ఆర్పడానికి పరిగెత్తాల్సింది కూడా ఆ హక్కులున్న ఊరివాళ్లే. ఒకడి తప్పుకి ఊరి పశువులన్నీ పస్తులుండాలనడం ఏ లెక్కన చూసినా అన్యాయమే.

ఆశ్చర్యం ఏమిటంటే, అటవీ అధికారుల్లోనే అనుమానాలు మొదలయ్యాయి. బర్మాలో మంటల నివారణ మితిమీరిందని 1896లో స్లేడ్ అనే అధికారి రాశాడు. టేకు గింజ పెంకు గట్టిది. నేల మీద పొదలు లేకుండా, ఎండ తగిలితేనే మొక్క నిలదొక్కుకుంటుంది; ఆ పొదల్ని తొలగించేది మంటే. అస్సాం, బెంగాల్ తడి అడవుల్లోనూ అదే కథ. ఏళ్ల తరబడి నిప్పు సోకనివ్వకపోతే తీగలు, పొదలు అల్లుకుపోయి సాల మొక్కలకు వెలుతురే అందలేదు. చివరికి కొన్నిచోట్ల అధికారులే నిప్పు పెట్టించాల్సి వచ్చింది.

కుమావూఁలో మాత్రం 1911–17 మధ్య అడవుల్ని పెద్దఎత్తున రిజర్వు చేశారు. 1921 జనవరిలో బాగేశ్వర్ ఉత్తరాయణి జాతరలో జనం, సర్కారుకు ఎవరు వెట్టిచాకిరీ చేయాలో రాసిన రిజిస్టర్లను సరయూ నదిలో పారేశారు. ఆ వేసవిలో అడవులు తగలబడ్డాయి, చాలావరకు కావాలనే. అయితే కాలినవి ఎక్కువగా సర్కారుకు కాసులిచ్చే పైన్ అడవులే. మేత, వంటచెరకు ఇచ్చే ఓక్ అడవుల్ని పెద్దగా ముట్టుకోలేదు. ఇది కళ్లుమూసుకున్న కోపం కాదు. ఏది తమదో, ఏది తమ దగ్గర్నుంచి లాక్కున్నదో వాళ్లకు బాగా తెలుసు.

అదే ఏడాది ప్రభుత్వం అడవుల విషయంలో ఊరివాళ్ల ఫిర్యాదులు వినడానికి ఓ కమిటీ వేసింది. ఆ తర్వాత కొన్ని అడవులు అటవీశాఖ చేతుల్లోంచి బయటికొచ్చాయి. 1931లో వన్ పంచాయతీల నియమాలు వచ్చి, ఊళ్లకు కొంత అడవి మీద అధికారం దక్కింది. ఇప్పుడు ఉత్తరాఖండ్ అటవీశాఖే ఎండలు ముదరకముందు, నేలలో తడి ఉన్నప్పుడు, ఎండుటాకుల్ని తగలబెట్టిస్తోంది.