కాలికి బైపాసా, బెలూనా?

2022 నవంబరులో అమెరికా నుంచి ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. పూడుకుపోయిన కాలి ధమనికి బైపాస్ ఆపరేషనే మేలని చెప్పింది. సర్జన్లు సంబరపడ్డారు. ఆరు నెలలు తిరక్కుండానే, 2023 ఏప్రిల్‌లో, బ్రిటన్ నుంచి ఇంకో ట్రయల్ ఫలితం వచ్చింది. కాదు, ముందు బెలూన్‌తో ధమనిని వెడల్పు చేయడమే మేలంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మరి ఇంత తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి, ఒక గుర్రం దాకా.

ముందు జబ్బు సంగతి. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది, మళ్లీ నడిస్తే దాదాపు అంతే దూరంలో మళ్లీ పట్టేస్తుంది. మన ఇళ్లలో దీన్ని వాతం నొప్పి అనో, వయసు మీదపడింది అనో తీసిపారేస్తారు. కాలికి రక్తం తీసుకెళ్లే ధమని పూడుకుపోతే వచ్చే నొప్పి సరిగ్గా ఇలాగే ఉంటుంది. డాక్టర్లు దీన్ని పెరిఫెరల్ ఆర్టీరియల్ డిసీజ్ అంటారు, పొట్టిగా పీఏడీ. పొగ తాగేవాళ్లకీ, షుగర్ ఉన్నవాళ్లకీ ఎక్కువ. ముదిరితే పడుకున్నా నొప్పి పోదు, పుండు మానదు, వేలు నల్లబడుతుంది. ‘కాలు తీసేయాలి’ అనే మాట అప్పుడే వినపడుతుంది.

గుర్రం కథ 1831 నాటిది. బూలే అనే ఫ్రెంచి పశువైద్యుడు బండి లాగే ఒక ఆడ గుర్రాన్ని గమనించాడు. అది కాసేపు పరుగెత్తి కుంటేది, నిలబెడితే బాగయ్యేది. వెనక కాళ్ల ధమనులు పూడుకుపోవడమే కారణమని తేలింది. 1858లో షార్కో అనే ఫ్రెంచి డాక్టరు ఇదే కుంటు మనిషిలోనూ ఉందని రాశాడు, పశువైద్యుల దగ్గర తెలుసుకున్నానని దాచకుండా చెప్పాడు. జబ్బు అర్థమైంది గానీ, ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు.

1940ల చివర్లో దారి దొరికింది. లిస్బన్‌లో సిడ్ దోస్ శాంతోస్ అనే సర్జన్ ధమనిని కోసి లోపలి పూడిక తీసేశాడు. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్ రోగి కాల్లోంచే ఒక సిర తీసి, పూడికకు పైనా కిందా ధమనికి కలిపి కుట్టాడు. రోడ్డు మూసుకుపోతే పక్కనుంచి ఇంకో బాట వేసినట్టు. ఈ రోజుకీ కాలి బైపాస్ అంటే మూలంలో అదే.

బెలూన్ పుట్టుక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు దగ్గరికి ఎనభై ఏళ్లు దాటిన ఒక అవ్వ వచ్చింది. కాలి వేళ్లకు గాంగ్రీన్, అంటే రక్తం అందక కుళ్లడం. సర్జన్లు కాలు తీసేయాలన్నారు, ఆమె ససేమిరా అంది. డాటర్ తొడ ధమనిలోకి సన్నని తీగ దూర్చి, దాని మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన ప్లాస్టిక్ గొట్టాలు తోసి, ఇరుకును వెడల్పు చేశాడు. కోత లేదు, కుట్టు లేదు. నొప్పి తగ్గింది, పాదం నిలిచింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఆమె తన కాళ్ల మీదే నడిచింది. సాటి డాక్టర్లు మాత్రం డాటర్‌ను పిచ్చోడి కింద జమకట్టారు. ఒక సర్జన్ ఎక్స్‌రే కోసం రోగిని పంపుతూ ‘చూడండి చాలు, బాగుచేయకండి’ అని చీటీ మీద రాశాడట. అమెరికాలో పట్టించుకోని ఆ పద్ధతి జర్మనీలో బతికింది. అక్కణ్నుంచి గ్రూన్‌జిగ్ అనే డాక్టరు అందిపుచ్చుకుని 1974లో జ్యూరిక్‌లో గొట్టాల బదులు బెలూన్ వాడాడు. 1977లో అదే బెలూన్ గుండెకు ఎక్కింది. గుండెకు చేసే యాంజియోప్లాస్టీ కాలి దగ్గర పుట్టిందన్న సంగతి ఎంతమందికి తెలుసో!

ఇక్కడ నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. 1948లో బైపాస్ వచ్చింది, 1964లో డాటర్ గొట్టాల పద్ధతి, 1974లో బెలూన్ వచ్చాయి. ముదిరిన జబ్బులో రెంటినీ పక్కపక్కన పెట్టి చీటీ తీసినట్టు రోగుల్ని పంచి పోల్చిన మొదటి గట్టి ట్రయల్ ఫలితం 2005లో గానీ రాలేదు. అదే బ్రిటన్‌లో జరిగిన బేసిల్. 27 ఆసుపత్రులు, 452 మంది రోగులు. మొదట్లో రెండూ సమానంగా కనిపించాయి. రెండేళ్లు దాటి బతికినవాళ్లలో మాత్రం ముందు బైపాస్ చేయించుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఈలోపు ఆసుపత్రులు ఆగలేదు. స్టెంట్లు వచ్చాయి, మందు పూసిన బెలూన్లు వచ్చాయి, పూడిక చెక్కే పరికరాలు వచ్చాయి. దేనికి ఎంత ఫలితముందో తేలకముందే అన్నీ వాడుకలోకి వచ్చేశాయి.

అందుకే మొదట్లో చెప్పిన 2022 నాటి అమెరికా ట్రయల్, బెస్ట్ సీఎల్ఐ మీద అంత ఆశ పెట్టుకున్నారు. 1830 మంది రోగులు. తొడ లోపలి పెద్ద సిర బాగున్నవాళ్లలో కాలు కోల్పోవడం, పెద్ద ఆపరేషన్ మళ్లీ అవసరం కావడం, చావు, ఈ మూడూ కలిపి లెక్కేస్తే బైపాస్ వైపు 42.6 శాతం, బెలూన్ వైపు 57.4 శాతం. సిర పనికిరానివాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదు నెలల తర్వాత బ్రిటన్ ట్రయల్ బేసిల్ 2 వచ్చింది. ఇందులో మోకాలి కింద సన్నని ధమనులు పూడుకున్న 345 మంది. కాలు కోల్పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి బైపాస్ వైపు 63 శాతం, బెలూన్ వైపు 53 శాతం.

మెలిక లెక్కలోనే ఉంది. మొదటిదాంట్లో బైపాస్ గెలుపులో పెద్ద వాటా మళ్లీ ఆపరేషన్ అవసరం తగ్గడానిది. రెండోదాంట్లో అసలు ఆ లెక్కే లేదు, బైపాస్ వెనకబడింది ఎక్కువ మంది చనిపోవడం వల్ల. రోగులూ వేరు, పూడిక ఉన్న చోటూ వేరు. ‘ఏది మేలు’ అని ఒకే ప్రశ్న అడిగినట్టు కనిపిస్తుంది గానీ, అడిగినవి రెండు ప్రశ్నలు. ప్రస్తుతానికి తేలిందల్లా ఇది: సిర బాగుందో లేదో అల్ట్రాసౌండ్‌తో ముందే చూసుకోవాలి, రోగి ఆపరేషన్ తట్టుకోగలడా అని ఆలోచించాలి. ఆ రెండూ చూడకుండా తనకు చేతనైన పద్ధతినే రోగికి అంటగట్టడం కుదరదు.

మందు పూసిన బెలూన్ల గొడవ ఇంకో అధ్యాయం. ధమని మళ్లీ మూసుకుపోకుండా పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు పూస్తారు. 2018 డిసెంబరులో 28 ట్రయల్స్ కలిపి చేసిన విశ్లేషణ ఒకటి బాంబు పేల్చింది. రెండేళ్లకు మరణాలు మందు వాడినవాళ్లలో 7.2 శాతం, వాడనివాళ్లలో 3.8 శాతం అంది. అంత కొంచెం మందు మనిషిని ఎలా చంపుతుందో ఎవరూ వివరించలేకపోయారు, కానీ అందరికీ టెన్షన్ పట్టుకుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసింది, జరుగుతున్న ట్రయల్స్‌లో కొన్ని ఆగాయి. 2020లో స్వీడన్ వాళ్లు తమ ట్రయల్‌లోని 2289 మంది లెక్క తీసి మరణాల్లో తేడా లేదన్నారు. 2023 జులైలో ఎఫ్‌డీఏ ఆ భయానికి ఆధారం లేదని తేల్చింది. అయిపోయిందనుకుంటే, 2025లో అదే స్వీడన్ ట్రయల్ తుది ఫలితం వచ్చింది. ముదిరిన జబ్బులో ఈ మందు వల్ల కాళ్లు తీసేయడం తగ్గలేదట. ప్రాణం తీస్తుందేమోనని కొన్నేళ్లు కొట్టుకున్నారు, కాలు కాపాడుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఆ తర్వాత వచ్చింది.

మన దగ్గరి పరిశోధన తక్కువే. చెన్నైలో చేసిన ఒక సర్వేలో పీఏడీ 3.2 శాతం మందిలో కనిపించింది, షుగర్ ఉన్నవాళ్లలో 6.3 శాతం. పొగాకుతో ముడిపడి, రక్తనాళాలు పూడుకుపోయే బర్జర్స్ జబ్బు మన దేశంలో చిన్న వయసు మగవాళ్ల కాళ్లు తినేస్తోంది. దానికోసం బెంగళూరులో తయారైన మూలకణాల మందుకు 2016లో పరిమితంగా అనుమతి దొరికింది.

మందుల్లో, కాలికి బైపాసో బెలూనో అయినవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే రివరాక్సబాన్ తక్కువ డోసులో ఇస్తే మేలని 2020లో తేలింది, రక్తస్రావం ముప్పు మాత్రం కొంత పెరుగుతుంది. 2025లో సెమాగ్లుటైడ్ అనే షుగర్ మందు మీద ట్రయల్ ఫలితం వచ్చింది. షుగర్‌తో పాటు పీఏడీ ఉన్నవాళ్లు ఏడాది వాడితే నడవగలిగే దూరం కొంచెం పెరిగింది.

ఇంతకీ అన్నిటికంటే ముందు ట్రయల్‌లో నెగ్గిన వైద్యం ఏదంటే, నడక. 1966లో, డాటర్ ఆ అవ్వ కాలు కాపాడిన రెండేళ్లకే, డెన్మార్క్‌లో ఇద్దరు డాక్టర్లు 14 మందిని తీసుకుని కొందరిని రోజూ నడిపించారు. నడిచినవాళ్లు మునుపటికంటే ఎక్కువ దూరం నడవగలిగారు. పిక్క పట్టేసేదాకా నడవడం, ఆగడం, తగ్గాక మళ్లీ నడవడం, పద్ధతి అంతే. 2012లో క్లెవర్ అనే ట్రయల్‌లో దగ్గరుండి నడిపించినవాళ్లు ఆరు నెలలకు స్టెంట్ వేయించుకున్నవాళ్లకంటే ఎక్కువసేపు నడిచారు. అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ ఈ నడక క్లాసులకు డబ్బులివ్వడానికి ఒప్పుకుంది 2017లో, పన్నెండు వారాల్లో 36 క్లాసులకు. చేరేవాళ్లు ఇప్పటికీ తక్కువే.