నెబ్రాస్కాలో మళ్లీ కోచ్ పంచాయితీ: ముడి పడింది 2003లో

2025 డిసెంబర్ 31న సీజన్ చివరి మ్యాచ్ అయిన లాస్ వేగస్ బౌల్‌లో యూటా చేతిలో 44-22తో ఓడాక, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నెబ్రాస్కా హెడ్ కోచ్ మ్యాట్ రూల్ మూడేళ్ల లెక్క 19 గెలుపులు, 19 ఓటముల దగ్గర ఆగింది. విశ్వవిద్యాలయం ఉన్న లింకన్‌లో ఈ అంకెను ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2015 నుంచి 2017 దాకా కోచ్‌గా మైక్ రైలీ చేసిందీ సరిగ్గా 19-19. దాంతోనే అతన్ని సాగనంపారు. అదే లెక్క చూపించిన రూల్‌కు 2032 దాకా ఒప్పందం ఎలా ఇచ్చారని అభిమానుల్లో ఒక వర్గం నిలదీస్తోంది. ఇప్పుడు మళ్లీ కోచ్‌ను మారిస్తే ఇరవై ఏళ్లుగా చేసిన తప్పే మరోసారి చేసినట్టని రెండో వర్గం అంటోంది.

పొడిగింపు ఎప్పుడు ఇచ్చారన్నదే ఈ గొడవలో పుల్ల పెట్టింది. అక్టోబర్ 17న మిన్నెసోటా మీద 24-6తో ఓడిన మ్యాచ్‌లో నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి అందుకుని ఆట నడిపేవాణ్ని) ప్రత్యర్థులు 9 సార్లు నేలకేసి పడగొట్టారు. వారం తిరిగేసరికి ఒక గెలుపు వచ్చింది, జట్టు 6 గెలుపులు, 2 ఓటములకు (6-2) చేరింది. అక్టోబర్ 30న విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధిపతి, అంటే అథ్లెటిక్ డైరెక్టర్, ట్రాయ్ డానెన్ రూల్ ఒప్పందాన్ని రెండేళ్లు పెంచాడు. అప్పటికే జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తీసేసిన పెన్ స్టేట్ కొత్త కోచ్ వేటలో ఉంది. రూల్ అక్కడ చదివినవాడు, అక్కడే వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా చేరి, డిఫెన్స్ రెండో వరసలో నిలబడే లైన్‌బ్యాకర్‌గా ఆడినవాడు. ఎక్కడ తన్నుకుపోతారోనన్న భయం పొడిగింపులో కనబడుతుంది. రెండు రోజులకే యూఎస్‌సీ చేతిలో 21-17 ఓటమి. ఆ మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా కాలి ఎముక విరిగింది. యూసీఎల్ఏ మీద ఒక్క గెలుపు వచ్చాక పెన్ స్టేట్ మీద 37-10, సొంతగడ్డ మీద అయోవా చేతిలో 40-16, చివరికి యూటా. సంతకం ఆరాక ఒక గెలుపు, నాలుగు ఓటములు.

అయోవా మ్యాచ్ అభిమానులను ఎక్కువ కలచివేసింది. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఎమెట్ జాన్సన్ ఒక్కడే 200 గజాలకు పైగా పరుగు తీశాడు, అయినా జట్టు 24 పాయింట్ల తేడాతో ఓడింది. అవతల అయోవా తన ఆఫెన్సివ్ లైన్‌ను, అంటే ముందువరసలో అడ్డుకునేవాళ్లను, ముందుకు తోసి గజం గజం గెలుచుకుంటూ పోయింది. పాతికేళ్ల కిందట నెబ్రాస్కా అందరి మీదా ఆడిన ఆట అది. అందుకే ఈ గొడవ మొదలు వెతకాలంటే 2025ను వదిలి 2003కు వెళ్లాలి.

పాత కోచ్‌లు బాబ్ డివేనీ, టామ్ ఆస్బర్న్ కాలం గురించి, ఐదు జాతీయ టైటిళ్ల గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు. 1997 టైటిల్‌తో దిగిపోతూ ఆస్బర్న్ తన వారసుడిగా ఫ్రాంక్ సోలిచ్‌ను తానే ఎంచుకున్నాడు. సోలిచ్ ఆరేళ్లలో 58 గెలిచాడు, 19 ఓడాడు. 1999లో బిగ్ 12 కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) టైటిల్ తెచ్చాడు. నెబ్రాస్కా చేతికి చిక్కిన చివరి కాన్ఫరెన్స్ టైటిల్ ఇప్పటికీ అదే. 2001 చివర్లో కొలరాడో 62-36తో, రోజ్ బౌల్‌లో మయామి 37-14తో జట్టును ఉతికి ఆరేశాయి. 2002లో 7-7. ఆ ఏడాది చివర్లో పదవిలోకి వచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ స్టీవ్ పెడర్సన్ మనసులో అప్పుడే ఒక లెక్క పడి ఉండాలి.

కానీ సోలిచ్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2002 ముగియగానే డిఫెన్స్ కోచ్‌లను మార్చి బో పెలీనిని కోఆర్డినేటర్‌గా (ఆ విభాగం ముఖ్య కోచ్‌గా) తెచ్చాడు. 2003లో జట్టు కోలుకుంది. నవంబర్ 28న కొలరాడోను 31-22తో ఓడించి 9-3తో లీగ్ దశ ముగించింది. మర్నాడే పెడర్సన్ సోలిచ్‌ను తీసేశాడు. జట్టును సగటు స్థాయికి జారిపోనివ్వనని, బిగ్ 12ను ఓక్లహోమా, టెక్సస్‌లకు అప్పగించనని చెప్పాడు.

పెడర్సన్ వాదన పూర్తిగా గాలిలోది కాదు. ఆ ఏడాది మూడు ఓటములూ (మిజోరి 41-24, టెక్సస్ 31-7, కాన్సస్ స్టేట్ 38-9) చిత్తుగా ఓడినవే. పెద్ద జట్లతో తలపడ్డప్పుడు నెబ్రాస్కా వేగం చాలడం లేదన్నది నిజం. అయితే ఆ జబ్బుకు అతను రాసిన మందే అసలు ప్రమాదం. సోలిచ్ స్థానంలో ఎవరిని తేవాలో ముందే అనుకోకుండా తొలగించాడు. వెతుకులాట 41 రోజులు సాగింది. 2004 జనవరి 9న ఓక్లాండ్ రైడర్స్ నుంచి తీసేసిన బిల్ కాలహన్ పేరు ప్రకటించేసరికి, హైస్కూల్ ఆటగాళ్లు సంతకాలు చేసే రోజుకు నాలుగు వారాలు కూడా లేదు. ఈ సందులో తాత్కాలిక కోచ్‌గా పెలీని అలామో బౌల్‌లో మిషిగన్ స్టేట్‌ను 17-3తో ఓడించాడు. అతన్నే పెట్టమని స్టేడియంలో అభిమానులు అరిచినా పెడర్సన్ వినలేదు.

కాలహన్ తెచ్చింది వెస్ట్ కోస్ట్ పద్ధతి, అంటే పొట్టి పాసులతో గజాలు కూడబెట్టే ఆట. అప్పటిదాకా నెబ్రాస్కాది ఆప్షన్ పద్ధతి. ఈ రెండింటికీ ఉన్న దూరం అర్థమైతే తర్వాత జరిగినదంతా అర్థమవుతుంది.

ఆప్షన్‌లో అవతలి చివర ఉండే డిఫెన్సివ్ ఎండ్‌ను కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతితో నేరుగా అతని మీదికే పరిగెత్తుతాడు. అతను క్వార్టర్‌బ్యాక్ మీద పడితే, పక్కన నాలుగైదు గజాల దూరంలో కాస్త వెనకగా పరిగెత్తుతున్న ఐ-బ్యాక్‌కు (రన్నింగ్ బ్యాక్‌కు) క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. అతను ఐ-బ్యాక్ వైపు జరిగితే బంతి తన దగ్గరే పెట్టుకుని లోపలికి దూరతాడు. ఒకణ్ని వదిలేయడం వల్ల మిగిలిన లైన్‌మన్ వెళ్లి లైన్‌బ్యాకర్‌ను అడ్డుకోవచ్చు. అంటే అడ్డుకునే చోట మనవాళ్లు ఒకరు ఎక్కువవుతారు. ప్రత్యర్థికి దీనికి సిద్ధమవడానికి వారంలో మూడు నాలుగు రోజుల సాధనే దొరుకుతుంది. అంత వేగంతో ఆప్షన్ ఆడి చూపించే నకలు జట్టు వాళ్ల దగ్గర ఉండదు. దీనికి లోపాలు లేవని కాదు. విసిరిన బంతి అరగజం అటూ ఇటూ అయితే నేలపాలవుతుంది. క్వార్టర్‌బ్యాక్ ఒళ్లు హూనమవుతుంది. రెండు టచ్‌డౌన్ల వెనకబడితే, పాసులు అలవాటు లేని జట్టు గడియారంతో పోటీ పడలేదు. మయామి మ్యాచ్‌లో బయటపడింది అదే.

అసలు కిటుకు లైన్‌మెన్ దగ్గర ఉంది. ఆప్షన్ లైన్‌మన్ చేతి మీద బరువు మోపి కూర్చుని, బంతి కదలగానే ముందుకు దూకుతాడు. పాస్ ఆటలో లైన్‌మన్ వెనక్కి, పక్కకు అడుగులేస్తూ వచ్చేవాణ్ని చేతులతో దూరం పెట్టాలి. మొదటివాడికి తుంటి బలం, పొట్టి వేగం కావాలి. రెండోవాడికి పొడుగు చేతులు, తూకం తప్పని పాదాలు కావాలి. హైస్కూల్ నుంచి వచ్చిన పిల్లవాడు ఏ పద్ధతిలోనైనా కుదురుకోవడానికి మూడేళ్లు పడుతుంది. నెబ్రాస్కా దీనికి యాభై మైళ్ల పొలాల మధ్య ఉన్న చిన్న ఊళ్ల నుంచి స్కాలర్‌షిప్ లేకుండా వచ్చే వాక్-ఆన్ కుర్రాళ్లను తీసుకునేది. మొదటి ఏడాది ఆడించకుండా రెడ్‌షర్ట్‌లో ఉంచేది. బాయిడ్ ఎప్లీ 1969లో మొదలుపెట్టిన వెయిట్ రూమ్‌లో బరువులెత్తించేది. సాధనలో ఒకేసారి మూడు నాలుగు చోట్ల స్క్రిమేజ్ (సాధన మ్యాచ్) పెట్టడం వల్ల నాలుగో వరసవాడికి కూడా నిలబడి చూసే ఖర్మ లేకుండా రోజూ దెబ్బలాట దొరికేది. నాలుగో ఏడాదికి, ఐదో ఏడాదికి మైదానంలోకి వచ్చేవాళ్లు అప్పటికే పండిపోయి ఉండేవారు. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్ పరిమితిని 95 నుంచి 1994 నాటికి 85కు కుదించినప్పుడు మిగతా విశ్వవిద్యాలయాలు ఇబ్బంది పడ్డాయి. నెబ్రాస్కా ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ జాతీయ టైటిళ్లు గెలిచింది.

2004లో ఈ కుర్రాళ్లనే వెనక్కి అడుగులేయమన్నారు. ఆప్షన్ కోసం ఎంపికైన క్వార్టర్‌బ్యాక్‌ను ఐదడుగులు వెనక్కి వెళ్లి పాసు వేయమన్నారు. టచ్‌డౌన్ పాసుల కన్నా ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేజిక్కించుకున్న పాసులు) ఎక్కువయ్యాయి. టెక్సస్ టెక్ 70-10తో తొక్కేసింది. సీజన్ 5-6తో ముగిసింది. 1961 తర్వాత గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన మొదటి ఏడాది అదే. పాత పద్ధతి కాలం చెల్లిందన్నవాళ్లు ఒక్కసారి నార్త్ డకోటా స్టేట్ వైపు చూడాలి. 2002లో సోలిచ్ తీసేసిన డిఫెన్స్ కోఆర్డినేటర్ క్రెయిగ్ బోల్, తానూ నెబ్రాస్కాలో ఆడినవాడే, అక్కడ దిట్టమైన లైన్, పరుగు ఆట మీదే జట్టును కట్టి 2011 నుంచి 2013 దాకా వరసగా మూడు ఎఫ్‌సీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్ రెండో స్థాయి) టైటిళ్లు గెలిచాడు. సోలిచ్ ఒహాయో యూనివర్సిటీకి వెళ్లి 16 సీజన్లలో 115 గెలుపులు మూటగట్టుకున్నాడు.

ఇక పొడిగింపుల సంగతి. 2007 సీజన్ మొదట్లోనే పెడర్సన్ కాలహన్ ఒప్పందాన్ని 2011 దాకా పెంచాడు. అక్టోబర్‌లో సొంతగడ్డ మీద ఓక్లహోమా స్టేట్ 45-14తో కొట్టేసరికి పెడర్సన్ పదవి పోయింది. నవంబర్‌లో కాన్సస్ 76-39తో ఓడించింది, సీజన్ అవగానే కాలహన్ వెళ్లాడు. 2019 నవంబర్‌లో అప్పటి కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌కు 2026 దాకా పొడిగించారు. అప్పటికి అతను రెండో సీజనే పూర్తి చేయలేదు. ఆ తర్వాత 2021లో జీతం 50 లక్షల డాలర్ల నుంచి 40 లక్షలకు కోసి, తొలగిస్తే ఇవ్వాల్సిన మొత్తాన్ని 1.5 కోట్లకు దించారు. 2022 అక్టోబర్ 1 దాటితే అది 75 లక్షలకు పడిపోతుంది. సెప్టెంబర్ 10న జార్జియా సదరన్ 45-42తో ఓడించగానే మూడు వారాలు ఆగే ఓపిక లేక మర్నాడే 1.5 కోట్లు కట్టి పంపేశారు. డానెన్ సంతకాన్ని తప్పుపట్టేవాళ్లు ఎత్తిచూపేది ఈ వరసనే. అందులో న్యాయం ఉంది. సీజన్ మధ్యలో, బయటివాళ్లు లాక్కుపోతారన్న భయంతో చేసే సంతకం కోచ్ చేతిలో బలం పెడుతుంది గానీ జట్టుకు ఒక్క గజం కూడా తేదు.

కానీ అదే వర్గం ఇంకో లెక్కను మింగేస్తోంది. హెడ్ కోచ్‌గా పెలీని 2008 నుంచి 2014 దాకా ఏ ఏడాదీ 9 కన్నా తక్కువ గెలవలేదు. 2003 అలామో బౌల్ గెలుపు కలిపి మొత్తం 67-27. విస్కాన్సిన్ లాంటి జట్ల చేతిలో 59-24 తరహా చిత్తు ఓటములు అతన్ని వెంటాడాయి. నోటి దురుసు సరేసరి. 2014లో అయోవాను ఓవర్‌టైమ్‌లో 37-34తో ఓడించి మళ్లీ 9-3 చేసిన రెండో రోజే తీసేశారు. 2003 నాటి తప్పునే పేరు మార్చి చేశారన్న మాట. వచ్చిన రైలీ 19-19. తర్వాత ఫ్రాస్ట్ 16-31. ఫ్రాస్ట్ కాలంలో ఒక్క స్కోరు తేడాతో తేలిన మ్యాచ్‌లు 27 అయితే గెలిచింది 5. 2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17తో ముందున్నప్పుడు ఎవరూ అడగని ఆన్‌సైడ్ కిక్ (బంతిని తామే తిరిగి అందుకోవడానికి కొట్టే పొట్టి కిక్) కొట్టించి, బంతి అవతలివాళ్లకు అప్పగించి 31-28తో ఓడింది మిగతా 22 ఓటముల్లో ఒకటి.

ఈ మార్పుల కింద నలిగింది మళ్లీ లైనే. కాలహన్ వెస్ట్ కోస్ట్, పెలీని చివరి ఏళ్లలో టిమ్ బెక్ స్ప్రెడ్ (ఆటగాళ్లను మైదానం అడ్డంగా పరిచి ఆడే పద్ధతి), రైలీ ప్రో-స్టైల్ (ప్రొఫెషనల్ జట్ల తరహా ఆట), ఫ్రాస్ట్ హడావుడి స్ప్రెడ్, రూల్ మొదట్లో మార్కస్ సాటర్‌ఫీల్డ్ గుమిగూడి ఆడే పద్ధతి, 2024 నవంబర్ నుంచి డేనా హోల్గర్సన్ పాసుల ఆట. ఒక లైన్‌మన్ పండటానికి మూడు నాలుగేళ్లు పట్టే చోట ప్రతి మూడు నాలుగేళ్లకూ పని మార్చారు. మిన్నెసోటా మ్యాచ్‌లో 9 సార్లు క్వార్టర్‌బ్యాక్ పడిపోవడాన్ని ఒక్క కోచ్ ఆ వారం చేసిన తప్పుగా చూస్తే సగమే చూసినట్టు.

రూల్ ఈ చరిత్రను ఎరిగినవాడే. 2023 ఏప్రిల్‌లో వసంత మ్యాచ్‌కు సోలిచ్‌ను పిలిపించి సన్మానించింది అతని కాలంలోనే. వాక్-ఆన్‌లకు పెద్దపీట వేసిందీ అతనే. అయితే పాత దారి ఇప్పుడు సగం మూసుకుపోయింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరిన రాజీ) ప్రకారం జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. ఒకప్పుడు 150 దాకా ఉంచుకున్న నెబ్రాస్కాకు ఈ కోత అందరికన్నా ఎక్కువ తగిలింది. నాలుగేళ్లు ఓపిక పట్టాల్సిన కుర్రాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితాలో, ఒక్క సంతకంతో వెళ్లిపోవచ్చు. డిలన్ రయోలా కూడా ఆ సీజన్ తర్వాత వెళ్తానని చెప్పేశాడు.

రూల్ మీద నిలబడే అభియోగం కూడా ఇక్కడే ఉంది. రూల్ ఒప్పందం కోసం స్థిరత్వం కావాలని చెప్పినవాళ్లు కింది కోచ్‌ల విషయంలో దాన్ని పాటించలేదు. అయోవా ఓటమి తర్వాత డిఫెన్స్ కోఆర్డినేటర్ జాన్ బట్లర్‌ను ఒక్క సీజన్‌కే తీసేశారు. శాన్ డియేగో స్టేట్ నుంచి వచ్చిన రాబ్ ఆరిక్ రూల్ కాలంలో మూడో డిఫెన్స్ కోఆర్డినేటర్. లైన్ కోచ్ డోనవన్ రయోలా కూడా వెళ్లాడు, జార్జియా టెక్ నుంచి గీప్ వేడ్ వచ్చాడు. 2026లో పోర్టల్ జనవరి 2 నుంచి 16 దాకా తెరిచి ఉంది. ఆ రెండు వారాల్లో వేడ్ అప్పుడున్న లైన్‌మెన్‌లో ఎందరిని నిలబెట్టుకుంటాడు, వాళ్లను మళ్లీ అడుగులు మార్చమంటాడా లేదా అన్నదే అప్పటి ప్రశ్న.