కుంచె పట్టకుండానే: కోనసీమ ఫొటోలకి చిత్రలేఖనం తీరు

చేత్తో వేసిన బొమ్మకీ ఫొటోకీ అసలు తేడా రంగుల్లో కంటే వివరంలో ఉంది. కెమెరా ప్రతి కొబ్బరాకునీ ఒకే శ్రద్ధతో పట్టుకుంటుంది. చిత్రకారుడు చాలా వరకు వదిలేసి, ఆకారాలనీ వెలుగునీడల మెట్లనీ ఉంచుకుంటాడు. ఫొటోకి ఆ తీరు రావాలంటే ఆకారం చెడకుండా వివరం తగ్గాలి. గోదావరి డెల్టాలో ఈ పని సగం పొగమంచే చేసిపెడుతుంది.

ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాటేదాకా, మబ్బూ గాలీ లేని రాత్రుల్లో నేల బాగా చల్లబడుతుంది. కాలువల నుంచీ, దాళ్వా ఊడ్పులకి నీరు పెట్టిన చేల నుంచీ వచ్చే తేమ తెల్లవారేసరికి పొగమంచవుతుంది. దూరంతోపాటు వస్తువు ఎంత వెలిసిపోతుందో లెక్కగట్టే సూత్రాన్ని 1924లో కోష్మీడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చాడు. కిలోమీటరు దాకా చూపు ఆనే మంచులో, 100 మీటర్ల దూరాన ఉన్న కొబ్బరి వరసకి అసలు కాంట్రాస్టులో (వెనకున్న ఆకాశంతో వెలుగు తేడాలో) 68 శాతం మిగులుతుంది. 250 మీటర్ల దగ్గర 38, 500 దగ్గర 14. కిలోమీటరు దగ్గర 2 శాతమే, ఇక కంటికి ఆనదు. ఏటిగట్టు మీంచి చూస్తే లంక తోటలు మూడు నాలుగు బూడిదరంగు మెట్లుగా విడిపోయేది ఇందుకే. చూపు 200 మీటర్లకి పడిపోతే ముందు వరస తప్ప ఏదీ దక్కదు, కాసేపు ఆగాలి. 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సుతో దూరపు వరసలనే ఏరుకోవడం మేలు.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తెల్లని మంచుని మురికి బూడిదగా మారుస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజరు ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా పెంచాలి. సెన్సర్ పట్టినదాన్ని కుదించకుండా ఉంచే రా ఫైలే తీయాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, మంచులోని సన్నని ఛాయల్ని తర్వాత సాగదీస్తే చారలు పడతాయి. ఏసీ కారు దిగగానే కెమెరా బయటికి తీస్తే లెన్సు మీద తేమ పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచడమే మందు.

మంచు విడిచాక భారం షట్టర్ మీద పడుతుంది. మంచి ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/16 (లెన్సు కంత బాగా చిన్నది) దగ్గర షట్టర్ సెకనులో వందో వంతు తెరిస్తే సరిపోతుంది. వెలుగుని 64 రెట్లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలిస్తే అది సుమారు 0.6 సెకనవుతుంది. ఆ కాస్తలో కెమెరాని నిలువుగా కదిపితే ఆకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మానులు మాత్రం నిలువు గీతలుగా నిలుస్తాయి. కదలిక వెంట సాగే అంచు చెదరదు, దానికి అడ్డంగా ఉన్నదే చెదురుతుంది. అయితే కాలువ మీదికి ఒంగిన చెట్లకి ఇది పనికిరాదు, మాను కూడా మాయమవుతుంది. వాటి వాలు వెంటే కదపాలి. వరి చేలకీ కాలువ గట్లకీ పక్కకి తిప్పాలి. బటన్ నొక్కకముందే కదలిక మొదలై, షట్టర్ మూసుకున్నాకే ఆగాలి. మధ్యలో ఆగితే అక్కడ గట్టి అంచు పడి రెండు ఫొటోలు కలిసిపోయినట్టుంటుంది. చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేయాలి. ఇంకో తంటా, సెన్సర్ మీది దుమ్ము. అది కెమెరాతోపాటే కదులుతుంది కాబట్టి దృశ్యమంతా చెదిరినా దాని మచ్చలు మాత్రం చెదరకుండా పడతాయి.

ఇక సాఫ్ట్‌వేరు. "ఆయిల్ పెయింట్" తరహా ఫిల్టర్లలో బాగా తెలిసిన పద్ధతి 1976లో కువహరా అనే జపాన్ పరిశోధకుడు ఇచ్చినది. ప్రతి పిక్సెల్ చుట్టూ నాలుగు గళ్లు తీసుకుని, వెలుగు తేడా అతితక్కువగా ఉన్న గడి సగటునే అక్కడ పెడుతుంది. దాంతో గరుకు పోతుంది, అంచు నిలుస్తుంది. చిక్కల్లా పడవకీ ఆకాశానికీ ఒకే సైజు గడి వాడటంలో ఉంది. ఏ చిత్రకారుడూ అలా వేయడు. (అనుమానముంటే రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలలో ఓ గంట గడపండి.) ఫిల్టర్‌ని వేరే లేయర్ మీద వేసి, మనుషులూ పడవలూ ఉన్నచోట మాస్కుతో మూడోవంతుకి తగ్గించాలి. ఫొటోని ముందు ప్రింటు సైజుకి కుదించి, ఆ తర్వాతే ఫిల్టర్ వేయాలి. 24 మెగాపిక్సెళ్ల ఫైలు మీద వేసిన 5 పిక్సెళ్ల గడి, ఫోను సైజుకి కుదిస్తే కనిపించనే కనిపించదు.

ప్రింటుకి మెరుపు లేని కాటన్ కాగితం బాగుంటుంది. దాని మీద నలుపు అంత గాఢంగా రాదు, చీకటి తోటలు ముద్దగా కలిసిపోతాయి. పంపేముందు నీడల్ని కొంచెం ఎత్తి, చిన్న ముక్క ఒకటి ప్రింటు వేయించి పగటి వెలుగులో చూసుకోవాలి.