సుగ్గికి పోతే పోయేది రెండు నెలలేనా? బడి గురించి అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి సెలవులయ్యి బడి తెరిచిన వారానికే సుగ్గి, అంటే కోత పనులకు వలస పోవడం, మొదలవుతుంది. ప్రార్థన ముగిసీ ముగియకముందే గేటు దగ్గర ఒక తల్లి నిలబడి ఉంటుంది. చంకలో చంటిది, పక్కన గిన్నెలు, పరుపు చుట్టిన మూట. "మేడమ్మా, మావాన్ని పంపియ్యి. బండి వచ్చేసింది" అంటుంది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం నేను కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపే ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేశాను. ప్రతి జనవరిలో ఈ మాట విన్నాను. దాని వెనకే వచ్చే రెండో మాట కూడా ఎప్పుడూ మారలేదు: "రెండు నెల్లే గదా మేడమ్. ఉగాదికి వచ్చేస్తాం. యెట్లా అయినా పైతరగతికి యేస్తారు గదా."

ఈ రెండో మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. బడి గురించి మా ఊళ్లలో తిరిగే అపోహలు ఇంకా ఉన్నాయి, వాటినీ చెబుతాను. కానీ పిల్లల బతుకును అన్నిటికంటే ఎక్కువగా తినేస్తున్నది ఇదే.

ముందే ఒకటి చెప్పాలి. సుగ్గికి పోయే తల్లిదండ్రులను తప్పు పట్టడానికి నేను కూర్చోలేదు. పత్తి తీయడం అయిపోయాక కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లలో చేతికి పని ఉండదు. అదే సమయానికి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలు మొదలవుతాయి. అప్పు ఉన్న ఇంట్లో వేరే దారి ఏముంటుంది? ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, పిల్లలను వెంటబెట్టుకొని పోతారు. పిల్లలను వదిలిపోలేని తల్లి బాధ నాకు తెలుసు. నేను చెప్పేది లెక్క గురించి.

అపోహ: పోయేది రెండు నెలలే.

వాస్తవం: వేళ్ల మీద లెక్కపెడదాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలి. జనవరి 20 ప్రాంతంలో బండెక్కిన పిల్లవాడు ఏప్రిల్ 23 దాకా, అంటే మామూలుగా చివరి పనిదినం దాకా రాకపోతే, ఆదివారాలు, పండుగలు తీసేసినా డెబ్బై రోజుల దాకా పోతాయి. అంటే ఏడాది చదువులో మూడో వంతు. ఉగాదికి వచ్చేస్తామన్నవాళ్లు వచ్చినా, పండుగ చేసుకొని మళ్ళీ రెండో కోతకు పోతారు. ఆ తర్వాత వేసవి సెలవులు. బడి తెరిచేది జూన్ 12న. జనవరి 20 నుంచి జూన్ 12 దాకా ఎన్ని నెలలు? దగ్గర దగ్గర ఐదు. ఏడేళ్ల పిల్లవాడు ఐదు నెలలు ఒక్క అక్షరం కళ్లజూడకుండా ఉంటున్నాడు. తల్లి చెప్పే లెక్కలో ఈ వేసవి సెలవులు ఉండవు. నేను ఆమె చేతి వేళ్లు పట్టుకొని నెలలు ఒక్కొక్కటే చెప్పిస్తాను. మే దగ్గరికి వచ్చేసరికి ఆమే ఆగిపోతుంది.

ఆ ఐదు నెలల్లో ఏమవుతుందో ఒక పిల్లవాడి సంగతి చెబుతాను.

మా రెండో తరగతిలో పొద్దున మొదటి పది నిమిషాలు వార్తలు. టీవీ వార్తలు కావు, మా ఊరివి. పిల్లలు లేచి చెబుతారు, నేను వాళ్ల నోటి మాటనే బోర్డు మీద రాస్తాను, తర్వాత ఒక్కొక్కరు వచ్చి వేలు పెట్టి చదువుతారు. మాఘం నుంచి చైత్రం దాకా వార్తలకు కొదవుండదు. "మా చింతచెట్టు దులిపినారు." "యాపచెట్టు నిండా పూత." "కన్నడ స్వాములు నడ్సుకుంటా శ్రీశైలం పోతాండారు, మా నాయన మజ్జిగ పోసినాడు." ఒక్క మజ్జిగ మాటతో జ ఒత్తు నేర్పించవచ్చు. స్వాములతో వ ఒత్తు. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత దగ్గరగా రాదు.

ఒక జనవరిలో ఒక పిల్లవాడు లేచి చెప్పిన వార్త: "రేపు మేము సుగ్గికి పోతాం." రాశాను. వాడే వచ్చి సుద్దముక్క తీసుకొని గి కింద ఉన్న ఒత్తు చుట్టూ గుండ్రంగా గీశాడు. అదేంటి నాయనా అంటే "గ ఒత్తు మేడమ్, ఒత్తి పలకాల" అన్నాడు. దసరా నుంచి గుణింతాల దగ్గరే తడబడుతూ ఉన్నవాడికి, సరిగ్గా వారం ముందే ఒత్తులు పట్టుబడ్డాయి. కనబడిన ప్రతిదీ చదివేవాడు. అగ్గిపెట్టె చదివాడు, గోడ మీద సిమెంటు పేరు చదివాడు.

జూన్‌లో మూడో తరగతికి వచ్చాడు. నల్లబడి, చిక్కి, చేతివేళ్ల కొసలు ఇంకా పొట్టు రేగుతూ. వాడు చెప్పిన మాటే కదా అని అదే బోర్డు మీద రాశాను. "సుగి" అన్నాడు. మళ్ళీ చూడు అన్నాను. "సు... గి." వాడి వేలు అక్షరాల మీదుగానే పోయింది. గి కింద ఉన్న ఒత్తు దగ్గర ఆగలేదు. అది వాడి కంటికి ఆనడమే మానేసింది.

తెలుగు చదవడంలో మెట్లు ఉంటాయి. అక్షరాలు, గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాలు. ఒక మెట్టు మీద కాలు నిలదొక్కుకోవడానికి రోజూ చదవడం తప్ప వేరే మందు లేదు. నిలదొక్కుకోకముందే వదిలేస్తే కిందికి జారతారు, అదీ ఒకటి కాదు, రెండు మెట్లు. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అర్థమయ్యేలా చదవాలి. ఒత్తు దగ్గర ఆగిపోయేవాడు నిమిషానికి పది పదాలు కూడా దాటడు. చదివే లోపల మొదటి పదం మర్చిపోతాడు, ఇక అర్థమెక్కడ? మూడో తరగతి పుస్తకం ఒత్తులు వచ్చనుకొనే మొదలవుతుంది. లెక్కల్లోనూ ఇదే: పదుల నుంచి అప్పు తెచ్చుకొని తీసివేయడం జనవరి, ఫిబ్రవరిల్లోనే గట్టిపడుతుంది.

ఆ పిల్లవాడు దసరాకల్లా అందరితోపాటు పెదాలు కదపడం నేర్చుకున్నాడు. చూసేవాళ్లకు చదువుతున్నట్టే ఉంటుంది. మరుసటి సంక్రాంతికి వాళ్లమ్మ వచ్చి అడగకముందే వాడే సంచి సర్దుకొని గేటు దగ్గర నిలబడ్డాడు. బడి వాణ్ణి వదిలేసిందని వాడికి తెలిసిపోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆ ఏడాది నాకు తెలిసిన పని నేను చేయలేదు: వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని మళ్ళీ గుణింతాల నుంచి మొదలుపెట్టి ఉండాల్సింది. నలభై మందికి ఇద్దరం టీచర్లం, సిలబస్ అంటూ ముందుకు పోయాను.

పైతరగతికి వేస్తారు గదా అనే మాట నిజమే. వేస్తాం. మూడులో కూర్చోవడం వేరు, మూడో తరగతి చదువు రావడం వేరు. పైతరగతికి వేయడాన్ని చదువు వచ్చినట్టు లెక్కవేసుకోవద్దని ఆ తల్లులను చేతులు పట్టుకొని అడుగుతున్నాను.

అపోహ: మార్చి నుంచి ఒంటిపూట బడే, ఊరికే ఆడిస్తారు.

వాస్తవం: పొద్దున 7.45 నుంచి 12.30 దాకా. కొత్త పాఠాలు చాలావరకు అయిపోయి ఉంటాయి, నిజం. అందుకే ఆ ఐదారు వారాలు వెనకబడ్డవాళ్లకు బంగారం. ఏడాదంతా దొరకని తీరిక మాకు అప్పుడే దొరుకుతుంది. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి చదివించేది మార్చిలోనే. ఎండ మండకముందు, బుర్ర చల్లగా ఉన్నప్పుడు చెప్పే చదువు అది. "సెలవులు ముందే ఇస్తారంట" అని ఫోన్లలో తిప్పేవాళ్లకు ఒక్క మాట: బడి నుంచి చెప్పేదాకా నమ్మవద్దు. ఒకసారి అట్లాంటి మెసేజ్‌తో వారంపాటు సగం తరగతి రాలేదు.

అపోహ: ఇన్ని రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ పోతే తిడతారు, చేర్చుకోరు.

వాస్తవం: సుగ్గి నుంచి వచ్చాక కూడా పిల్లలను పంపకపోవడానికి కారణం చాలా ఇళ్లలో ఈ భయమే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి తీసేసే అధికారం ఎవరికీ లేదు. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వీలు వచ్చింది కానీ, బడి నుంచి గెంటేసే వీలు రాలేదు. మధ్యలో ఎప్పుడొచ్చినా వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి, వెనకబడింది నేర్పించాలి. ఏప్రిల్ 10న వచ్చినా పంపండి. పది రోజులైనా పది రోజులే.

పోయిన చోట టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) అడుగుతారనే భయం కూడా ఉంది. అదే చట్టం, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని చెబుతోంది. అయినా మా ఊరి పిల్ల ఒకతి కోతలకు పోయిన చోట బడికి పోతే, కాగితాలు లేవని ఒక హెడ్మాస్టరు వెనక్కి పంపారు. ఆ పిల్ల మూడు నెలలు చేను గట్టున తమ్ముణ్ణి ఆడిస్తూ కూర్చుంది. అప్పటి నుంచి పోయే ప్రతి పిల్లకూ పేరు, తరగతి, పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు), బడి ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి, స్టాంపు వేసి, తల్లి చేతిలో పెడుతున్నాను. మీరు కూడా మీ బడిలో అడిగి రాయించుకోండి. ఇవ్వనంటే నిలబడి అడగండి.

అపోహ: సీజనల్ హాస్టల్ దిక్కులేని పిల్లలకు.

వాస్తవం: అమ్మానాన్న సుగ్గికి పోయిన పిల్లల కోసమే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద అవి నడుస్తాయి. అన్నం, పడక, సొంత ఊరి బడి. బెంగ ఉంటుంది, కాదనను. మొదటి వారం ఏడుస్తారు. అవ్వ ఇంటి దగ్గర ఉంటే పగలు హాస్టల్‌లో తిని, రాత్రి అవ్వ దగ్గర పడుకోవచ్చా అని మాట్లాడుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డిసెంబరులోనే హెడ్మాస్టరునో, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులోనో అడగాలి. ఎంతమంది పిల్లలు ఉంటారో ముందే తెలిస్తేనే అది సమయానికి తెరుచుకుంటుంది. నేను చేసిన ఒక ఊళ్లో బండ్లన్నీ వెళ్లిపోయాక తెరిచారు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

ఎండాకాలం గుడ్డు వేడి చేస్తుందని మధ్యాహ్న భోజనంలో పక్కన పెట్టిస్తారు. పిల్లలకు గుడ్డు ఏ కాలంలోనైనా మంచిదే. నీళ్లు ఎక్కువ తాగించండి, గుడ్డు తిననివ్వండి.

అమ్మవారు పోస్తే నెలంతా బడి మాన్పించాల్సిన పని లేదు. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా ఇంట్లో ఉంచండి, సాధారణంగా వారం. ఆ తర్వాత అది ఎవరికీ అంటదు. అంతకుముందు మాత్రం పంపవద్దు, తరగతంతా పడుకుంటుంది.

ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంట్లో తెలుగు తగ్గించాలని ఎవరో చెబుతున్నారట. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఎందుకుందో చూడండి. ఇంట్లో తెలుగో కన్నడమో, ఏది నోట్లో ఉంటే అది ధారాళంగా మాట్లాడండి.

మళ్ళీ సుగ్గి దగ్గరికే వస్తాను. తీసుకుపోక తప్పని వాళ్లకు నేను చెప్పేది ఒకటే. తెలుగు పుస్తకం, ఒక నోటుబుక్కు మూటలో పెట్టుకోండి. రాత్రి అన్నం తినేటప్పుడు పిల్లవాడు ఆ రోజు వార్త ఒక్క వాక్యం రాయాలి, గట్టిగా చదివి వినిపించాలి. మీకు చదువు రాకపోయినా వినండి. వీలైతే ఫోటో తీసి నాకు పంపండి, బోర్డు మీద రాస్తాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక తల్లి అట్లా పంపింది. లైటు చాలక మసకగా ఉన్న ఫోటో, పేజీ మూలన ఎర్రటి వేలిముద్ర. మూడో తరగతి పిల్ల రాసింది: "మేస్త్రీ కాటా లెక్క తప్పు చెప్పినాడు. నేను కూడి చెప్పినాను. అమ్మకు ఇంకా నూరు రూపాయలు వచ్చింది." మరుసటి రోజు పొద్దున అది మా తరగతిలో మొదటి వార్త అయింది. మేస్త్రీలో స కింద ఒత్తు ఒకటా, రెండా అని ఇంటర్వెల్ గంట కొట్టేదాకా పిల్లలు తగువులాడుకుంటూనే ఉన్నారు.