తెర చాటున స్పీకరు

లక్షల రూపాయల స్పీకర్లు ధరకు తగినట్టు పలుకుతాయా అన్నది తేలాలంటే, ముందుగా వాటిని కళ్ళకు కనబడకుండా చేయాలి. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఏళ్ల తరబడి ఇటువంటి పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్, 1994లో మరో ధ్వని పరిశోధకుడు సీన్ ఆలివ్‌తో కలిసి 40 మంది శ్రోతలకు నాలుగు స్పీకర్లను రెండు విధాలుగా వినిపించాడు: తెర చాటున ఉంచి కొన్నిసార్లు, కళ్ళెదుట పెట్టి కొన్నిసార్లు. ఎదురుగా కనబడుతున్నప్పుడు పెద్దవాటికి, ఖరీదైనవాటికి మార్కులు పెరిగాయి. తెర చాటున వాటితో దీటుగా నిలిచిన చిన్న, చవకైన స్పీకరు కంటబడగానే వెనుకబడింది. నన్ను అంతకంటే ఆలోచింపజేసే సంగతి మరొకటి ఉంది. స్పీకరును గదిలో ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చినప్పుడు వచ్చే తేడాను తెర చాటున స్పష్టంగా గుర్తించిన శ్రోతలే, చూస్తూ విన్నప్పుడు దాన్ని అంతగా పట్టించుకోలేదు.

అలాగని ధరంతా వృథా అనడం అన్యాయం. మృదంగం ఎడమవైపు నుంచి వచ్చే లోతైన నాదాన్ని ఫోనులో విన్నప్పుడు మనకు అందేది చాలావరకు దాని పై స్వరాంశాలే. అడుగున ఉన్న అసలు కంపనాన్ని మెదడు ఊహించుకుంటుంది. ఆ కంపనాన్ని నిజంగా పుట్టించాలంటే చాలా గాలిని కదిలించాలి. 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) దగ్గర ఒక కోను, అంటే స్పీకరులో ఊగే గరాటులాంటి పొర, ఎంత గట్టిగా పలుకుతుందో, 40 హెర్ట్జ్ దగ్గరా అంతే గట్టిగా పలకాలంటే అది నాలుగింతల దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. అందుకే పెద్ద కోను, బలమైన అయస్కాంతం, వేలి కణుపుతో తట్టినా బోలుగా మోగని మందపాటి పెట్టె కావలసి వస్తాయి. ఇవన్నీ ఖర్చుతో కూడుకున్నవే, ఆ ఖర్చు చెవికి తెలుస్తుంది కూడా. 2004లో ఆలివ్ 70 స్పీకర్ల కొలతలను శ్రోతల ఇష్టాయిష్టాలతో పోల్చినప్పుడు, ఆ ఇష్టంలో మంద్రస్థాయి, అంటే లోతైన స్వరాల, వాటా సుమారు 30 శాతంగా తేలింది. మిగిలినదంతా దాదాపుగా ధ్వని ఎగుడుదిగుళ్లు లేకుండా రావడం మీద ఆధారపడింది. ఈ రెండో గుణం శ్రద్ధగా కొలిచి, దిద్ది తయారుచేసిన మధ్యరకం స్పీకర్లలోనూ దొరుకుతుంది. అందుచేత, ఒక స్థాయి దాటాక మనం చెల్లించేది ఎక్కువగా నగిషీకి, పేరుకు అని నేను నమ్ముతాను.

ఇక మంద్రస్వరాల విషయంలో, ఎంత ధర పెట్టి కొన్న స్పీకరునైనా గది తన దారికి తెచ్చుకుంటుంది. ఎదురెదురు గోడల మధ్య 4 మీటర్ల దూరం ఉంటే 43 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఆ గోడల నడుమ నిలువ తరంగంగా, అంటే ముందుకు సాగకుండా ఉన్నచోటే ఊగే అలగా, ఏర్పడుతుంది. స్పీకర్లను ఒక గోడ దగ్గర పెట్టి ఆ ఒక్క స్వరాన్నే ఆపకుండా మోగిస్తూ, ఆ గోడ నుంచి ఎదుటి గోడ వైపు మెల్లగా నడిచి చూడండి: గోడ పక్కన ఛాతీకి తగిలేంత గట్టిగా ఉన్న నాదం గది మధ్యకు వచ్చేసరికి బాగా సన్నగిల్లి, అవతలి గోడను చేరేసరికి మళ్ళీ నిండుగా వినిపిస్తుంది. మన ఇళ్ళలో సోఫా తరచుగా ఉండేది ఆ మధ్యలోనే.