మోటుపల్లి శాసనం నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా

ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఇకమీదట సుంకం తప్ప మరేదీ ముట్టబోమని ఆ శాసనం మాట ఇచ్చింది, సుంకం ముప్పయ్యో వంతని రాతిలో చెక్కించింది. సరుకు తనదేనన్న ధీమా ఉంటేనే వర్తకుడు మళ్లీ ఆ రేవుకు వస్తాడు. అర్థశాస్త్రం ‘సంస్థలు’ అని పిలిచేది ఇలాంటి కట్టుబాట్లనే. దేశాల కలిమిలేములను అవి ఎలా నిర్ణయిస్తాయో చూపినందుకే ఆర్థికవేత్తలు అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

నిజాం పాలనలో ఇదే నేలపై కట్టుబాటు తలకిందులైంది. దేశ్‌ముఖ్ వెట్టికి పిలిస్తే రైతు తన చేను వదిలి పోవాల్సిందే, ఈలోగా అదును దాటిపోయేది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. చిక్కు మాత్రం రూపం మార్చుకుని కౌలులో మిగిలింది.

వరంగల్ చుట్టుపక్కల కౌలు ఎక్కువగా నోటిమాటే. కాగితం లేదు కాబట్టి పంట రుణం రాదు. బ్యాంకు మిత్తి ఏడాదికి 7 శాతం, గడువులో కడితే 4. బయట నూటికి నెలకు రెండు రూపాయలంటే 24 శాతం. లక్షకు ఏడాదిలో 17 వేల నుంచి 20 వేల దాకా తేడా! అప్పిచ్చింది మార్కెట్లో పంట అమ్మిపెట్టే అడ్తిదారే అయితే మిర్చి అతని దగ్గరికే పోవాలి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో ఎందరు వేలం పాడినా, ధర వచ్చేదాకా ఆగే వీలు ఆ రైతుకు ఉండదు. 2018లో మొదలైన రైతుబంధులో ఎకరాకు, సీజన్‌కు మొదట 4 వేల రూపాయల సాయం పట్టాదారుకే అందింది.

నష్టం భూమికీ తగులుతుంది. చెరువు పూడికమట్టి తోలితే ఫలితం కొన్నేళ్లు ఉంటుంది, ట్రాక్టర్ కిరాయి మాత్రం ఇప్పుడే కట్టాలి. వచ్చే ఏడు ఈ చేను తనకుంటుందో లేదో తెలియనివాడు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు?

పట్టాదారు భయమూ కొట్టిపారేయదగింది కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం రక్షిత కౌలుదారులకు భూమిపై హక్కులిచ్చింది, అందుకే రాతకు జంకుతాడు. కౌలు సాగుదారుల కోసం వచ్చిన 2011 చట్టం యాజమాన్యానికి ముప్పు లేకుండా రుణార్హత కార్డులు తెచ్చింది. కానీ అదే సర్వే నంబరుపై పట్టాదారు ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. కార్డు పనిచేయాలంటే ఆ సీజన్ రుణం పంట వేసినవారికే చెందాలని చట్టంలోనే రాయాలి.